నీళ్ళని నమ్మని మనుషులు

పోయిన అక్టోబర్‌లో ఒక శనివారం కరివేపాకు కోసమని మిషిగన్‌లో మా ఊరు నోవైలో మన సరుకుల కొట్టుకి వెళ్ళాను. తలుపు పక్కన నేవీ యూనిఫాం వేసుకున్న పిల్లలు ఇద్దరు నిలబడి ఉన్నారు. వాళ్ళలో ఒకమ్మాయి మన పిల్లే. జడని టోపీ కిందికి మడిచి పిన్నులు పెట్టుకుంది. చేతిలో అట్టముక్క, దాని మీద ఫోనుతో స్కాన్ చేసే నల్లచుక్కల గడి. "హాయ్ ఆంటీ! మా కేడెట్ యూనిట్‌కి ఫండ్‌రైజింగ్ చేస్తున్నాం. జస్ట్ స్కాన్ చేస్తే చాలు," అంది. నేను ఫోను బయటికి తియ్యలేదు. మీ యూనిట్ ఎక్కడ కలుస్తుంది, మీ ఆఫీసర్ ఎవరు, ఆయన మీతో ఎందుకు రాలేదు, ఇది స్కాన్ చేస్తే డబ్బు ఎవరి అకౌంట్‌కి పోతుంది అని వరసపెట్టి అడిగాను. ఆ పిల్ల ఓపిగ్గా అన్నిటికీ జవాబు చెప్పింది. ఆఖరికి, "ఇట్స్ లెజిట్ ఆంటీ, ప్రామిస్. మీకెందుకు అంత డౌట్?" అంది. సిగ్గుపడి స్కాన్ చేశాను.

కార్లో కూర్చున్నాక చాలాసేపు ఇంజన్ ఆన్ చెయ్యలేదు. ఇందాక ఆ పిల్లని నిలదీసిన గొంతు నాది కాదు, అమ్మది. ఒక ప్రశ్నకి జవాబు వస్తుండగానే ఇంకో ప్రశ్న సిద్ధం చేసుకోవడం, విన్నాక కళ్ళు చిన్నవి చేసి "ఊఁ" అనడం, ఆ "ఊఁ"లో నమ్మినట్టూ నమ్మనట్టూ రెండూ ఉండడం, అన్నీ ఆవిడవే. అమ్మ పోయి రెండు చలికాలాలైంది. అదే రకం యూనిఫాం వేసుకుని, ఇదే ఊళ్ళో, ఆ పిల్లంత వయసులో నేనూ నిలబడ్డాను. అప్పుడు ప్రశ్నలు వేసినావిడ మా ఇంట్లోనే ఉండేది.

మా ఇంట్లో అనుమానం ఒక మనిషిలా తిరిగేది. అమ్మ నర్సు. ఆస్పత్రిలో మందు సీసా మీద పేరు ఇద్దరు చదివితే గానీ రోగికి ఇవ్వరట. ఆ పద్ధతిని ఆవిడ ఇంటికి తెచ్చేసుకుంది. పాల డబ్బా మీద తేదీ చూసేది, అయినా మూత తీసి వాసన చూసేది. తలుపు తాళం నాన్న వేసి వస్తే, వెనకాలే వెళ్ళి పిడి లాగి చూసేది. "వేశానన్నానుగా కరుణా," అనేవాడు నాన్న. "వేశారు లెండి. నేను చూస్తున్నది పడిందో లేదోనని," అనేది. నాన్న కార్ల ఫ్యాక్టరీలో బ్రేకులు పరీక్షించే ఇంజినీరు. పని మొత్తం అనుమానమే అయినా, ఆయన దాన్ని ఆఫీసులోనే వదిలేసి వచ్చేవాడు. "అనుమానం పెనుభూతం అన్నారు పెద్దలు," అని ఎప్పుడన్నా అంటే, అమ్మ పోపు పెడుతూ వెనక్కి తిరక్కుండానే, "భూతమైతేనేం, ఇంటికి కాపలా కాస్తోందిగా," అనేది.

నన్ను కేడెట్లలో చేర్పించింది నాన్నే. బళ్ళో నోరు విప్పనని టీచర్లు కబురు పెడుతుంటే, ఆయనతో పనిచేసే ఒకాయన తన పిల్లలు వెళ్ళే నేవీ కేడెట్ యూనిట్ గురించి చెప్పాడు. పదమూడేళ్ళ పిల్లలకి కవాతు, ముడులు వెయ్యడం, దిక్సూచి చూడడం, ఈత నేర్పుతారు, మిలిటరీలో చేరాలని ఏమీ లేదు. ఆ ఆఖరి ముక్క అమ్మ నమ్మలేదు. "మిలిటరీలో చేర్చుకోకపోతే మిలిటరీ బట్టలెందుకు?" అంది. "స్కౌట్స్ లాంటిదే," అన్నాడు నాన్న. "స్కౌట్స్ అడవిలోకి తీసుకెళ్తారు. వీళ్ళు నీళ్ళ మీదకి తీసుకెళ్తారు," అంది అమ్మ. ఆ మాటతో నాన్న ఎందుకో మాట మార్చేసి నా బూట్ల సైజు అడిగాడు. అప్పుడు నాకది వింతగా తోచింది.

ప్రతి శనివారం పొద్దున పాత సైనికుల హాల్లో కలిసేవాళ్ళం. ఆ హాలు తలుపు తియ్యగానే నేల పాలిష్, పొద్దుణ్ణించీ మరుగుతున్న కాఫీ, తడి ఊలు కోట్లు, అన్నీ కలిసిన వాసన మొహానికి కొట్టేది. మా పెద్దాఫీసర్ డాల్టన్ గారు. నేవీలో చాలా ఏళ్ళు చేసి రిటైరైన మనిషి, సన్నగా, పొడుగ్గా, మెడ దగ్గర చొక్కా ఎప్పుడూ వదులుగా ఉండేది. ఆయన అరవడం నేనెప్పుడూ వినలేదు. మా ఇంటిపేరు చెరుకూరి ఆయన నాలుకకి లొంగక, మొదటి రోజే నన్ను "కేడెట్ చెరీ" అన్నారు. దాంతో యూనిట్ అంతటికీ చెర్రీపండునైపోయాను. నాకు బాగానే ఉండేది. ఆ పేరుగల పిల్ల గట్టిగా మాట్లాడగలిగేది.

మా యూనిట్‌కి పైనుంచి ఎవరూ ఏమీ ఇచ్చేవారు కాదు. బూట్ల దగ్గర్నించి బస్సు దాకా మేమే సంపాదించుకోవాలి. వేసవిలో కార్లు కడిగేవాళ్ళం, క్రిస్మస్‌కి కొట్లలో జనాల సామాన్లు సంచుల్లో సర్దిపెట్టేవాళ్ళం. అన్నిటికంటే పెద్ద ఆదాయం ఖాళీ డబ్బాలు. మిషిగన్‌లో సోడా డబ్బా గానీ బీరు డబ్బా గానీ ఖాళీ చేసి కొట్టుకి తిరిగి ఇస్తే పది సెంట్లు చేతిలో పెడతారు. మేం వీధివీధీ తిరిగి, తలుపు తట్టి, "మా యూనిట్‌కి మీ ఖాళీ డబ్బాలు ఇస్తారా?" అని అడిగి పోగుచేసేవాళ్ళం. వాటిని కొట్టుకి చేర్చేదాకా ఒక్కో నెల ఒక్కో కేడెట్ గ్యారేజీలో దాచేవాళ్ళం. ఆ ఆగస్టులో మా వంతు వచ్చింది.

అమెరికాలో ఊళ్ళోవాళ్ళు ఇంత తాగుతారని మాకు అప్పటిదాకా తెలియదు. గ్యారేజీలో ఒక గోడ పొడుగునా నల్ల సంచులు నిలబడ్డాయి. ఎండకి అడుగున మిగిలిన బీరు పులిసింది. అమ్మ ఇడ్లీపిండి త్వరగా పొంగుతుందని గ్యారేజీలోనే పెట్టేది. ఆ పులుపూ ఈ పులుపూ కలిసి, వంటింటి తలుపు తీస్తే చాలు, కల్లుపాక దాటి వెళ్తున్నట్టుండేది. అమ్మ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, "ఇవన్నీ ఊళ్ళోవాళ్ళు తాగినవేనా, లేక ఆ నేవీ ఆయన ఇంట్లోవి కూడా ఉన్నాయా?" అని అడిగింది. నాకు తెలియదన్నాను. "ఊఁ," అంది.

అసలు గొడవ ఆ తర్వాత మొదలైంది. అప్పట్లో మా చుట్టుపక్కల ఉన్న తెలుగు క్రైస్తవ కుటుంబాలు ఒక అమెరికన్ చర్చి బేస్‌మెంట్‌లో ఆదివారం మధ్యాహ్నాలు ఆరాధనకి కూడుకునేవి. జీవరత్నం గారని గుంటూరు వైపు పెద్దమనిషి సంఘ పెద్ద. నెలకోసారి యేసు ఆఖరి భోజనాన్ని తలుచుకుని రొట్టె పంచుకునే ప్రభువు బల్ల రోజున ఆ రొట్టె పళ్ళెం పట్టుకుని వరసల్లో తిరిగే పని నాన్నది. ఆ పని మీద నాన్నకి ఎంత గౌరవమంటే, ముందురోజే తెల్లచొక్కా తనే ఇస్త్రీ చేసుకునేవాడు. ఒక సాయంత్రం జీవరత్నం గారు పాటల పుస్తకాలు తీసుకోవడానికి మా ఇంటికొచ్చారు. గ్యారేజీలోంచి వచ్చారు. ఆ వాసనకి ఆగిపోయి, మూతి ఊడిన ఒక సంచిలోకి చూశారు. టీ కూడా తాగలేదు. "వస్తాను బాబూ, వందనాలు," అని వెళ్ళిపోయారు.

ఆ వచ్చే ఆదివారం, "ప్రభాకర్, ఈ నెల నువ్వు కాస్త విశ్రాంతి తీసుకో. పళ్ళెం ఇంకొకళ్ళు పడతారు," అన్నారు. నాన్న తెల్లచొక్కా వేసుకుని ఆఖరి వరసలో కూర్చున్నాడు. జీవరత్నం గారి భార్య సుగుణమ్మ ఆంటీ అమ్మని ఎప్పటికంటే గట్టిగా కౌగిలించుకుంది. "వాసన చూసిందే!" అంది అమ్మ కారెక్కగానే. "నన్ను వాటేసుకుని మెడ దగ్గర వాసన చూసింది!" నాకు నవ్వొచ్చింది గానీ నాన్న మొహం చూసి ఆపుకున్నాను. "చెప్పెయ్యొచ్చుగా నాన్నా, అవి మా యూనిట్‌వని?" అన్నాను. నాన్న రోడ్డు మీదనుంచి చూపు మరల్చకుండా, "వాళ్ళు అడగలేదు కదమ్మా. అడగని ప్రశ్నకి జవాబు చెప్తే సంజాయిషీ అవుతుంది," అన్నాడు. ఆ నెలంతా ఇంట్లో ఆయన గొంతు సగమే వినిపించేది.

నేనైతే ఇక అమ్మ నన్ను కేడెట్లు మాన్పించేస్తుందనే అనుకున్నాను. ఆవిడ ఇంకో పని చేసింది. నెలాఖరు ఆదివారం ఆరాధన అయ్యాక, ప్రకటనల వేళ చెయ్యెత్తి లేచి నిలబడింది. సంఘంలో ఆవిడ ఎప్పుడూ మాట్లాడలేదు. "మా పాప వాళ్ళ నేవీ కేడెట్ల యూనిట్ ఈ శనివారం మీ ఇళ్ళకొస్తారండి. ఖాళీ డబ్బాలేమన్నా ఉంటే ఇవ్వండి. సోడావైనా సరే, బీరువైనా సరే, మా గ్యారేజీలో చాలా ఉన్నాయి, వాటితో పాటే పడుంటాయి," అని కూర్చుంది. జీవరత్నం గారు బైబిలు మూసి, మళ్ళీ తెరిచారు.

శనివారం అమ్మ కూడా మాతో వచ్చింది. తెలుగువాళ్ళ ఇళ్ళన్నిటి ముందూ కడిగి ఆరబెట్టిన సోడా డబ్బాలు మెట్ల మీద బారులు తీరి ఉన్నాయి. అంత శుభ్రంగా కడిగిన డబ్బాలు నేను ఏ అమెరికన్ ఇంట్లోనూ చూడలేదు. జీవరత్నం గారింటి దగ్గర ఆయన పెద్దకొడుకు పక్కగుమ్మంలోంచి బరువైన సంచి తెచ్చి అమ్మ చేతికిచ్చి, "ఇవి పక్కింటివాళ్ళవి ఆంటీ," అన్నాడు, చూపు కలపకుండా. అమ్మ సంచి మూతి కొంచెం తీసి చూసింది, బీరు వాసన గుప్పుమంది. ఆ కుర్రాడి మొహంకేసి చూసింది. తర్వాత మూతి గట్టిగా ముడేసి వ్యానులో పెట్టించింది. ఇంటికొచ్చాక నాన్నతో చెబుతుందని ఎదురుచూశాను. చెప్పలేదు. నేను నోరు తెరవబోతే వేలు చూపించింది. "అనుమానం మనసులో ఉంటే కాపలాకుక్క. నోట్లోకొస్తే పిచ్చికుక్క," అంది. ఆ తర్వాతి నెల బల్ల రోజున జీవరత్నం గారే నాన్న దగ్గరికొచ్చి పళ్ళెం చేతికిచ్చారు. క్షమాపణలేమీ జరగలేదు. నాన్న పళ్ళెం రెండు చేతులా అందుకుని మొదటి వరసకి నడిచాడు.

అప్పటినుంచీ అమ్మ శనివారాలు నాతో హాలుకి రావడం అలవాటు చేసుకుంది. వెనక గోడ దగ్గర కుర్చీ వేసుకుని, కోటు విప్పకుండా, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. చూసేదంతా డాల్టన్ గారినే. మిగతా తల్లిదండ్రులు దింపి వెళ్ళిపోయేవాళ్ళు. తోటి పిల్లలు, "చెర్రీ, మీ అమ్మ ఎఫ్‌బీఐనా?" అని ఏడిపించేవాళ్ళు. హైస్కూల్ కొలనులో ఈత నేర్పే రోజుల్లోనూ అదే. గాజుతలుపు అవతల ఆ కోటు, ఆ సంచి, ఆ చూపు. ఒకరోజు భోజనాల దగ్గర ఆవిడ చల్లగా అంది, "ఆ మనిషికి నీళ్ళంటే భయమండీ."

నాన్న ముద్ద ఆపేశాడు. "ఎవరికి? డాల్టన్ గారికా? నేవీలో పాతికేళ్ళు చేసిన మనిషికి నీళ్ళంటే భయమేమిటి కరుణా?"

"కొలను దగ్గర గోడకి ఆనుకుని నిలబడతాడు. నీళ్ళకి ఎప్పుడూ వీపు చూపించడు. పిల్లలు మునిగినప్పుడల్లా పెదాలు కదుపుతాడు, తల పైకొచ్చేదాకా. ఇంతవరకూ ఆయన కాలు తడవడం నేను చూళ్ళేదు."

"నీకు ప్రతిదీ..." అని నాన్న ఏదో అనబోయి, అమ్మ మొహం చూసి మజ్జిగ గ్లాసు అందుకున్నాడు.

యూనిట్ ఆ డబ్బాలన్నీ పోగుచేసింది వేసవి ప్రయాణం కోసం. హ్యూరాన్ సరస్సు మీద ఒక పాత గస్తీ నౌకలో వారం రోజులు, రేవు నుంచి రేవుకి. హ్యూరాన్ని సరస్సంటారు గానీ, అవతలి ఒడ్డు కనపడదు, అలలు లేస్తాయి, ఓడలు మునిగిన కథలు తీరం పొడుగునా ఉంటాయి. అందరి ఇళ్ళలో ఒప్పుకున్నారు. మా ఇంట్లో నాన్న సంతకం పెట్టాడు, అమ్మ పెట్టలేదు. డాల్టన్ గారికి ఇద్దరిదీ కావాలి. "చూద్దాం," అనేది అమ్మ. ఆవిడ భాషలో దానర్థం వద్దని.

ప్రయాణానికి ముందు ఆఖరి ఫండ్‌రైజర్ పాన్‌కేకుల ఫలహారం. హాలు వంటగదిలో డాల్టన్ గారు ఏప్రాన్ కట్టుకుని పెనం దగ్గర నిలబడ్డారు. అమ్మ ఎవరూ అడక్కుండానే కోటు చేతులు పైకి మడిచి సింకు దగ్గర ప్లేట్లు కడుగుతోంది. నేను ప్లేట్లు అందిస్తూ, తెస్తూ మధ్యలో తిరుగుతున్నాను. వెన్న కాలే వాసన, మేపుల్ పాకం వాసన. జనం కొంచెం పల్చబడ్డాక అమ్మ తన ఆస్పత్రి ఇంగ్లీషులో, రోగిని అడిగినట్టే సూటిగా అడిగింది, "సార్, మీకు నీళ్ళంటే భయం కదూ?"

ఆయన చేతిలో అట్లకాడ ఆగిపోయింది. పెనం మీద పాన్‌కేకు అంచు నల్లబడింది. తర్వాత దాన్ని తీసి చెత్తలో వేసి, "అవును, మ్యామ్," అన్నారు.

చెప్పారు. ఆయన నావికుడిగా ఉన్న రోజుల్లో, తుఫానులో, ఆయన కింద పనిచేసే పందొమ్మిదేళ్ళ కుర్రాణ్ణి ఒక అల డెక్కు మీదనుంచి ఎత్తుకుపోయింది. తాడు కట్టుకున్నావా అని ఆ పొద్దున అడిగారట, కట్టుకున్నానన్నాడట. ఆయన నమ్మారట, చూడలేదట. "అప్పటినుంచీ నీళ్ళలో దిగలేను. ఓడ మీద ఉంటే నిద్ర పోలేను. లేచి పిల్లల మంచాలు చూసుకుంటూ తిరుగుతాను," అన్నారు.

"ఇది తల్లిదండ్రులకి తెలుసా?"

"ఎవరూ అడగలేదు, మ్యామ్. అడిగినవాళ్ళలో మీరే మొదటివారు."

అమ్మ కుళాయి కట్టేసింది. చేతులు తుడుచుకుని, అటు తిరిగే, "నాకొక చెల్లెలుండేది. మాది సముద్రం పక్క ఊరు. ఉప్పెన వచ్చింది. నేను బందరులో నర్సు ట్రైనింగులో ఉన్నాను. ఊళ్ళో లేను," అంది. ఉప్పెన అన్న మాట తెలుగులోనే అని, ఇంగ్లీషు దొరక్క, తడిచేతిని తన తలకంటే ఎత్తుగా లేపి చూపించింది. నేను ప్లేట్లు పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. అమ్మకి చెల్లెలున్నట్టు తెలుసు, జ్వరమొచ్చి పోయిందని చెప్పేవాళ్ళు. అమ్మవాళ్ళ ప్రాంతం దివిసీమ పేరు వినిపిస్తే నాన్న టాపిక్ ఎందుకు మార్చేవాడో ఆ వంటగదిలో తెలిసింది.

డాల్టన్ గారు, "అయితే మీరు చెరీని పంపరు. అర్థమైంది," అన్నారు.

"పంపుతాను," అంది అమ్మ. "మీరు నీళ్ళని నమ్మే మనిషైతే పంపకపోదును."

పంపిందన్న మాటే గానీ, నమ్మింది అనుకోకండి. మా నౌక మొదటి రేవు చేరేసరికి నాన్న పాత బ్యూక్ కారు అక్కడ ఆగి ఉంది. రేవు చివర అమ్మ, ఎవరి దగ్గరో అరువు తెచ్చిన బైనాక్యులర్స్ మెళ్ళో వేసుకుని. ఒకసారి చెయ్యి మాత్రం ఎత్తింది. రెండో రేవులోనూ అంతే. నాన్న ఆ వారం సెలవు పెట్టి తీరం పొడుగునా డ్రైవ్ చేశాడు. పులిహోర, చపాతీల మూట కారు వెనక సీట్లో. "చెర్రీ, మీ అమ్మ మళ్ళీ వచ్చింది!" అని పిల్లలు కేకలేస్తుంటే నేను సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. డాల్టన్ గారు మాత్రం ప్రతిసారీ రేవుకేసి తిరిగి టోపీకి చెయ్యి తగిలించేవారు.

ఆఖరి రోజు పొద్దున పొగమంచు దిగింది. సరస్సూ ఆకాశమూ లేవు, తెల్లగా దూదిలో ఉన్నట్టుంది. రాడార్ ముందురోజు నుంచే సరిగ్గా పనిచెయ్యడం లేదు. నౌకని నిదానంగా నడుపుతూ, ముందు భాగాన నన్ను కాపలా నిలబెట్టారు. కనిపించిందీ వినిపించిందీ కేకవేసి చెప్పాలి. డాల్టన్ గారు మాకు మొదట్లోనే నేర్పారు: "రూఢి అయ్యాక చెప్పేవాడు కాపలావాడు కాదు. తోచినప్పుడు చెప్పాలి." మా హారన్ మోగుతోంది, ఆగుతోంది. ఆగినప్పుడు ఆ నిశ్శబ్దంలో కుడివైపునుంచి ఏదో లోగొంతుతో మూలిగినట్టయింది. మా హారనే తిరిగి మోగిందేమోననుకున్నాను. నా పక్కనున్న పెద్ద కేడెట్, "అది మనదే, ఎకో," అన్నాడు. నోరు మూసుకోబోయాను. కానీ మనసు ఒప్పలేదు. మా హారన్‌కంటే అది లావుగా ఉంది, పొడుగ్గా ఉంది. తల తిప్పి, ప్రాణం పెట్టి అరిచాను, "సర్! కుడివైపు ఏదో ఉంది! రూఢిగా తెలీదు!"

"అనుమానముంటే చాలు, చెరీ," అని వినిపించింది వెనకనుంచి. ఇంజన్ ఆగింది. తర్వాత నౌక వెనక్కి లాగడం కాళ్ళకి తెలిసింది. కొద్దిసేపటికి మంచులోంచి ఒక గోడ వచ్చింది. నల్లటి, తుప్పుపట్టిన, తడితో మెరిసే గోడ. ఇనుపఖనిజం మోసే ఓడ. అది మా ముందునుంచి వెళ్తూనే ఉంది, ఎంతకీ అయిపోలేదు. దాని అల మమ్మల్ని ఊయలలా ఊపింది. డాల్టన్ గారు డెక్కు మీదికొచ్చి, ఒక్కొక్కళ్ళ లైఫ్ జాకెట్ కట్లు చేత్తో లాగి చూసుకుంటూ పోయారు. నా దగ్గరికొచ్చేసరికి అదే కట్టుని రెండుసార్లు లాగి చూశారు.

ఇవాళ నా కూతురు కాలేజీలో ఉంది. అది ఎక్కడుందో నా ఫోనులో నీలిచుక్క చెబుతుంది. లైబ్రరీ, డార్మ్, పిజ్జా షాపు. రేవు రేవుకీ కారులో పడి తిరగక్కర్లేదు. ఇంత తెలిసీ నాకు మనశ్శాంతి లేదు. చుక్క ఎక్కడుందో చెబుతుందే గానీ, దానికోసం మేలుకుని ఉన్నవాళ్ళెవరో చెప్పదు. ఇప్పుడు ఎవరినన్నా నమ్మాలంటే స్టార్లు చూస్తాం, రివ్యూలు చదువుతాం, బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేయిస్తాం. అన్నీ దూరాన్నుంచే. అమ్మ ఏడాదిపాటు కోటు విప్పకుండా ఒక మనిషిని కూర్చుని చూసింది. సింకు దగ్గర పక్కన నిలబడి అడిగింది. అంత అనుమానానికి ఎంత ఓపిక కావాలో, ఎంత ప్రేమ కావాలో ఈ వయసులో నాకు తెలుస్తోంది. నా అనుమానాలు చవకవి. ఒక బటన్ నొక్కితే పుడతాయి, నొక్కితే పోతాయి.

నౌకలో ఆ ఆఖరి రోజు చాలా ఆలస్యంగా రేవు చేరాం. మంచు విడిపోయి ఎండ వచ్చింది. మిగతా తల్లిదండ్రులు కెమెరాలతో, బెలూన్లతో ఉన్నారు. అమ్మ రేవు మొదట్లో చెక్కస్తంభం పట్టుకుని నిలబడి ఉంది. నేను దిగగానే నా తల తడిమింది, జుట్టు పొడిగా ఉందా లేదా అని. నన్ను పక్కకి జరిపి డాల్టన్ గారి దగ్గరికెళ్ళి, ఆయన కళ్ళకేసి చూసింది. "మీరు నిద్రపోలేదు," అంది.

"లేదు, మ్యామ్. వారమంతా."

"మంచిది," అంది అమ్మ, పులిహోర డబ్బా ఆయన చేతిలో పెట్టి. "ఇప్పుడు తినండి. తిని పడుకోండి."

కార్లో ముందు సీట్లో నాన్న పక్కన కూర్చోకుండా, వెనక నా పక్కన కూర్చుంది. సీటుబెల్టు నేను పెట్టుకున్నాక మళ్ళీ లాగి చూసింది. రోడ్డు సరస్సు పక్కనే పోతోంది. కిటికీలోంచి నీళ్ళు మెరుస్తున్నాయి. "ఏమన్నా జరిగిందా?" అని అడిగింది. అంతా చెప్పాను, ఆ నల్లగోడ దాకా. నాన్న కారు వేగం తగ్గించాడు. అమ్మ తిట్టలేదు, ఏడవలేదు. నేను చెప్పడం అయిపోయాక కిటికీ అద్దం దించి నీళ్ళకేసి చూసింది.

"మా చెల్లి పేరు శాంత," అంది. "దానికి ఈత రాదనుకునేవు. మా ఊళ్ళో దానంత బాగా ఈదేవాళ్ళు లేరే పాపా."